నాన్నగారి తలలో ఉన్న లెక్క ముందు కాగితం మీదకు రావాలి

ప్రశ్న: మాది తెనాలి. నాన్న ఇరవై ఏళ్లుగా ఇళ్లకు పెయింటింగ్, వాటర్‌ప్రూఫింగ్ పనులు చేయిస్తున్నారు. ఇద్దరు మేస్త్రీలు, పదిమంది పనివాళ్లు ఉన్నారు. పనులకు కొదవ లేదు కానీ రెండు సైట్లు దాటితే అంతా గందరగోళమే. నేను ఈ ఏడాది సివిల్ డిప్లొమా పూర్తి చేశాను. వ్యాపారాన్ని విజయవాడ దాకా పెంచాలని ఉంది. ఈసెట్ రాసి బీటెక్‌లో చేరాలా, నాన్నతో కలిసి పనిచేయాలా?

జవాబు: ఒక ఏడాది నాన్నగారితో పనిచేయండి. డిప్లొమా వాళ్లకు పెట్టే ఈసెట్ ప్రవేశ పరీక్ష ఏటా జరుగుతుంది, బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఎక్కడికీ పోదు. అయితే మొదటి ఆరు నెలలు విజయవాడలో పనులు పట్టడానికి కాదు. మూడో సైట్ ఎందుకు తడబడుతోందో కనిపెట్టి సరిచేయడానికి.

కారణం మీ ప్రశ్నలోనే ఉంది. ఏ గోడకు ఎంత మెటీరియల్, ఏ మేస్త్రీని ఎక్కడికి పంపాలి, ఎవరి నుంచి ఎంత రావాలి, ఇవన్నీ నాన్నగారికి నోటికి తెలుసు. ఆయన ఉన్నచోట పని బాగుంటుంది, లేనిచోట ఆగుతుంది. ఇప్పుడు పనులు పెంచితే ముందు పెరిగేది ఇంట్లో టెన్షన్.

కొలతలతో మొదలుపెట్టండి. మీ డిప్లొమా సూటిగా పనికొచ్చేది ఇక్కడే. 1,000 చదరపు అడుగుల ఫ్లాట్ అంటే గోడలు, సీలింగ్ కలిపి పెయింట్ వేసేది సుమారు 3,000 నుంచి 3,500 చదరపు అడుగులు ఉంటుంది. నాన్నగారు అనుభవంతో ఆ లెక్క చెప్పేస్తారు, మేస్త్రీ చెప్పలేడు. గదివారీగా కొలిచి రాసే ఒక ఫారం తయారుచేయండి. తలుపులు, కిటికీల విస్తీర్ణాన్ని కొలతలోంచి ఎలా తగ్గిస్తారో కొటేషన్‌లోనే రాయండి. నిర్మాణ పనుల కొలతలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 మీరు చదివే ఉంటారు. అందులో ప్లాస్టరింగ్ కొలతకు 0.5 చదరపు మీటర్ల లోపు ఓపెనింగ్‌కు తగ్గింపు లేదు. ఇలాంటి నియమం ఏదో ఒకటి ముందే ఒప్పుకుని సంతకం తీసుకుంటే, చివరి బిల్లు రోజు టేపు పట్టుకుని వాదించుకునే పని ఉండదు.

రెండోది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పూర్తయిన ప్రతి పనికీ లెక్క తేల్చడం. ఎన్ని బస్తాల పుట్టీ అనుకున్నారు, ఎన్ని పట్టాయి? ఎన్ని కూలీలు పడ్డాయి? టచప్‌కు ఎన్నిసార్లు తిరిగారు? ఎక్సెల్‌లో ఒక్క షీటు చాలు. డబ్బా మీద రాసిన కవరేజీ, అంటే లీటరుకు ఎంత గోడ వస్తుందన్న లెక్క, నున్నటి గోడకు వర్తిస్తుంది. మీ కుర్రాళ్ల చేతిలో, పాత గోడల మీద ఎంత వస్తుందో మీ షీటే చెబుతుంది. బాగా మిగులుతుందనుకున్న పని నష్టంలో నడుస్తోందని చాలామంది కాంట్రాక్టర్లకు ఈ లెక్క వేశాకే తెలుస్తుంది.

ఇక పని దశలు. బాత్రూమ్ పక్క బెడ్‌రూమ్ గోడకు చెమ్మ వచ్చిందనుకోండి. లోపల లీకేజీ ఆపకుండా పుట్టీ పెడితే కొన్ని నెలల్లో పొక్కులు లేచి ఊడిపోతుంది, పేరు పోయేది మీది. కాబట్టి చెమ్మ కారణం తేలి, గోడ ఆరి, ఫొటో వాట్సాప్‌లో వచ్చాకే పుట్టీ మొదలవ్వాలి. డాబాకు వాటర్‌ప్రూఫింగ్ చేస్తే కోటింగ్ పూర్తిగా ఆరాక నీళ్లు కట్టి, కనీసం 24 గంటలు ఉంచి, కింద సీలింగ్ చూశాకే మిగతా బిల్లు అడగాలి. ఇలా ఒక్కో దశకూ ఎవరు చూడాలి, ఏం చూడాలి అన్నది ఒక పేజీలో రాసి మేస్త్రీలకు ఇవ్వండి. రాసేటప్పుడు వాళ్లను కూర్చోబెట్టుకోండి. కుర్రాడు వచ్చి మాకు నేర్పుతున్నాడని అనిపిస్తే ఆ కాగితం మూలన పడుతుంది. నాన్నగారితోనూ అంతే. ఆయన చెబుతుంటే మీరు రాసుకోండి.

డబ్బును కూడా ఈ దశలకే ముడిపెట్టండి. అడ్వాన్స్, పుట్టీ పూర్తయ్యాక ఒక వాయిదా, మొదటి కోటు తర్వాత ఇంకొకటి, అప్పగింత రోజు మిగతాది. దసరా, సంక్రాంతి ముందు ఊపిరాడని పని ఉంటుంది, వానాకాలంలో బయటి గోడల పని ఆగిపోతుంది. ఆ నెలల్లో మేస్త్రీల చేతికి డబ్బు అందకపోతే సీజన్‌కి వాళ్లు వేరొకరి దగ్గర ఉంటారు. అందుకని సీజన్ రాబడిలో కొంత పక్కన పెట్టాల్సిందే.

సర్వీసు పనులకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మెటీరియల్‌తో కలిపి చేసే పనీ సర్వీసు కిందకే వస్తుంది. పదిమందితో నడుస్తున్నారంటే ఆ హద్దు దగ్గర్లోనే ఉండొచ్చు, ఆడిటర్‌ని ఈ వారమే కలవండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, డబ్బులు అడిగే ఏజెంట్ల జోలికి వెళ్లొద్దు.

ఆరు నెలల తర్వాత నాన్నగారు ఒక వారం ఏ సైట్‌కీ వెళ్లకుండా చూడండి. మూడు సైట్లూ నడిచి, ఫోన్లు ఆయన దాకా వెళ్లకుండా మీతోనే ఆగితే, మేస్త్రీల్లో ఒకరిని సూపర్‌వైజర్‌ని చేసి విజయవాడలో ఒక్క పని ఒప్పుకోండి. నడవకపోతే ఎక్కడ ఆగిందో రాసుకుని మళ్లీ చూడండి. ఈ పని మీకు పడదని అప్పటికి తేలితే ఈసెట్‌కు చదువుకోవడానికి టైమ్ ఉంటుంది.