కెప్టెన్ గారికి సరుకులు అమ్మని ఊరు

ప్రశ్న: సభను బాయ్‌కాట్ చేశారనీ, సినిమాను బాయ్‌కాట్ చేయాలనీ రోజూ చదువుతుంటాం. ఇది బాయ్, కాట్ కలిసిన మాటా? లేక క్రికెటర్ జెఫ్రీ బాయ్‌కాట్ పరుగులు తీయకుండా గంటలు గంటలు నిలబడేవాడని ఆయన పేరు పెట్టారా?

జవాబు: రెండో ఊహ నాకు తెగ నచ్చింది. కానీ జెఫ్రీ పుట్టింది 1940లో, ఈ మాట 1880లో. మనిషి పేరే అన్నంతవరకు మీరు కరెక్ట్. ఆ మనిషి కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. ఐర్లండ్‌లోని మాయో కౌంటీలో లార్డ్ ఎర్న్ అనే భూస్వామికి ఏజెంటు, అంటే కౌలు వసూలు చేసే పెద్దమనిషి.

పంటలు దెబ్బతిన్నాయి, కౌలు తగ్గించమని రైతులు అడిగారు. తగ్గించింది చాలలేదు. కట్టనివాళ్లను ఖాళీ చేయించడానికి సెప్టెంబరులో నోటీసులు బయల్దేరాయి. అంతకు కొద్ది రోజుల ముందే ఐరిష్ రైతుల నాయకుడు పార్నెల్ ఎన్నిస్ అనే ఊళ్లో జరిగిన సభలో ఒక మాట అడిగాడు: పక్కవాడిని వెళ్లగొట్టిన పొలాన్ని కౌలుకు తీసుకునేవాడిని ఏం చేయాలి? జనంలోంచి ‘చంపేయాలి’ అని కేక. వద్దు, దారిలో, కొట్లో, సంతలో, చివరికి గుడిలో కూడా పలకరించకండి అన్నాడాయన. చిత్రమేమిటంటే ఆ మందు చెప్పింది ఆశపోతు రైతు కోసం, మింగింది మాత్రం ఏజెంటు గారు!

పనివాళ్లు మానేశారు. కమ్మరి రానన్నాడు, బట్టలు ఉతికే ఆమె రానంది, ఊళ్లో కొట్లవాళ్లు సరుకులు అమ్మలేదు. ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. చేలో పంట అలాగే ఉండిపోయింది. దాన్ని తీయడానికి ఐర్లండ్ ఉత్తరాన ఉన్న అల్‌స్టర్ నుంచి 50 మంది కూలీలు వచ్చారు, వాళ్లకు కాపలా వందలమంది సైనికులు. సుమారు 500 పౌండ్ల పంటకు 10,000 పౌండ్లు అయిందని అంచనా. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. ఒక్కో టర్నిప్ దుంపకు ఒక షిల్లింగ్ (పౌండులో ఇరవయ్యో వంతు) పడిందని పార్నెల్ ఎద్దేవా చేశాడు. నవంబరు 27న కెప్టెన్ ఊరు వదిలాడు. బండి తోలేవాడు కూడా దొరక్క, సైన్యం వాళ్ల అంబులెన్స్ బండిలో ఎక్కించాల్సి వచ్చింది.

ఇక మాట. అక్కడి మతాధికారి ఫాదర్ ఓమాలీ దగ్గర అమెరికన్ విలేకరి జేమ్స్ రెడ్‌పాత్ ఈ శిక్షకు పేరు కోసం తడుముకుంటున్నాడట. ‘ఆస్ట్రసైజ్’ (వెలివేయడం) అంటే మా రైతులకు ఎక్కదు, ‘బాయ్‌కాట్ చేయడం’ అందామా అన్నాడట ఫాదర్. నవంబరుకల్లా లండన్ పత్రికల్లోకి ఎక్కేసింది. ఫ్రెంచివాళ్లు, జర్మన్లు కూడా ఆ పేరునే క్రియ చేసుకున్నారు.

కాబట్టి సభలో అరిచి, కాగితాలు చించి బయటికొస్తే నా లెక్కలో అది వాకౌట్ మాత్రమే. బాయ్‌కాట్ అనాలంటే అసలు లోపలికే వెళ్లకూడదు.