ఆసియా క్లబ్బుల చరిత్ర రాస్తున్న అమ్మాయికి

నరసాపురం

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన రాతప్రతి మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆసియా ఫుట్‌బాల్ క్లబ్ చాంపియన్ల చరిత్రను తెలుగులో రాయడానికి రాజోలు వైపు ఒక ఆడపిల్ల కూర్చుందంటేనే నాకు ఎంతో సంతోషం వేసింది. యూరప్ కప్పు మీద రాస్తే ఎక్కువమంది చదువుతారని నీకు ఎవరో చెప్పారట. ఆ మాట పట్టించుకోకు. రియల్ మాడ్రిడ్ ఎన్నిసార్లు గెలిచిందో ఫోన్ ఉన్న ప్రతి కుర్రాడూ చెప్తాడు. రియాద్ జట్టు అల్ హిలాల్ నాలుగుసార్లు గెలిచిందని, మధ్యలో ఎన్ని ఫైనల్స్‌లో ఏడ్చిందో నేను తెలుగులో ఎక్కడా చదవలేదు.

పైగా మన కోనసీమకి రియాద్, జెడ్డా, దోహా పరాయి ఊళ్లు కావు. మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు వైపు గల్ఫ్‌లో మనిషి లేని వీధి దొరకడం కష్టం. మీ మేనమామ దోహాలో డ్రైవరు అని రాశావు కదా, నీ పుస్తకానికి ఆయన చాలా ముఖ్యం. ఆ సంగతి తరవాత చెప్తాను.

ఇక రాతప్రతి. 1967 నుంచి 2025 దాకా ఏ ఏడు ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు, స్కోరు ఎంత అని వరసగా రాసుకుంటూ పోయావు. ఎంత కష్టపడ్డావో తెలుస్తూనే ఉంది. కానీ సగం చదివేసరికి ఏ జట్టూ నాకు విడిగా గుర్తులేదు. పేర్లు వస్తున్నాయి, పోతున్నాయి. అందుకని ఒకటే చెప్తాను: పట్టికలోని ప్రతి చాంపియన్‌నీ రెండు ప్రశ్నలు అడుగు. నిన్ను ఎవరు పెంచారు? కప్పు గెలిచాక నీకు ఏమైంది? ఆసియా చరిత్రకి ఈ రెండు ప్రశ్నలూ సరిపోయినంతగా ఇంకే ఖండానికీ సరిపోవనిపిస్తుంది నాకు.

1986లో గెలిచిన ఫురుకావా ఎలక్ట్రిక్ కరెంటు తీగలూ కేబుళ్లూ చేసే కంపెనీ జట్టు. 1987లో గెలిచిన యోమియురి ఒక వార్తాపత్రిక సంస్థది. కొరియాలో పోహాంగ్ ఉక్కు ఫ్యాక్టరీది, జపాన్‌లో ఇవాటా యమహాది, మళ్లీ కొరియాలోనే సువోన్ శామ్‌సంగ్‌ది, ఉల్సాన్ హ్యుందాయ్‌ది. నువ్వు వీటిని పేర్లుగా రాసి వదిలేశావు. మనవాళ్లు రోజూ నడిపే బళ్లూ, చేతిలో పట్టుకునే ఫోన్లూ ఈ కంపెనీలవే కదా! ఆ కంపెనీల జట్లు ఖండానికి చాంపియన్లు అయ్యాయని తెలిస్తే మన పాఠకుడు తప్పకుండా ఆగి చదువుతాడు.

థాయ్ ఫార్మర్స్ బ్యాంకు దగ్గర నువ్వు ఇంకొంచెం నిలబడాలి. 1994లో, 1995లో వరసగా రెండేళ్లు ఆసియా చాంపియన్ అయిన జట్టు అది. బ్యాంకాక్‌లోని ఒక బ్యాంకు పెంచిన జట్టు. 1997లో థాయ్‌లాండ్ కరెన్సీ పడిపోయింది, ఆ దెబ్బకి తూర్పు ఆసియా అంతా కుదేలైంది, బ్యాంకులు ఖర్చులు తగ్గించుకున్నాయి. 2000లో జట్టునే మూసేశారు. బ్యాంకు మాత్రం పేరు మార్చుకుని ఇవాళ్టికీ నడుస్తోంది. రెండుసార్లు ఖండాన్ని గెలిచిన జట్టుకి ఇప్పుడు చొక్కా లేదు, మైదానం లేదు, వారసుడు లేడు. దీనికి నువ్వు ఇచ్చింది రెండు లైన్లు. ఇది ఒక అధ్యాయం అమ్మా.

అది ఒక్కటే అనుకోకు. 1990లో గెలిచిన చైనా జట్టు లియావోనింగ్ 2020లో మూతపడింది. 1993లో గెలిచిన పాస్ టెహ్రాన్‌ని 2007లో రద్దు చేసి, లీగులో దాని చోటు హమదాన్ ఊరికి ఇచ్చేశారు. గ్వాంగ్జౌ ఎవర్‌గ్రాండ్ కథ మనం కళ్లారా చూసిందే. ఇళ్లు కట్టి అమ్మే కంపెనీ 2010లో ఆ జట్టుని కొని డబ్బు కుమ్మరించింది. ఇటలీకి ప్రపంచ కప్పు తెచ్చిన మార్సెల్లో లిప్పిని కోచ్‌గా పెట్టింది. 2013లో, 2015లో ఆసియా గెలిచారు. తరవాత ఆ కంపెనీ అప్పుల్లో మునిగింది. 2025 జనవరిలో అప్పులు తీర్చలేక క్లబ్బు లీగులోంచే పోయింది. మన డెల్టాలో చెరువుల మీదా, స్థలాల మీదా అప్పు చేసి ఎగసినవాళ్లనీ కూలినవాళ్లనీ చూసిన పాఠకుడికి ఈ అధ్యాయంలో ఏ మాటా విడమర్చి చెప్పక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాయి చాలు.

కొరియా జట్టు దేవూ రాయల్స్ ఇంకో రకం. 1986 జనవరిలో జెడ్డాలో అల్ అహ్లీని దాని సొంత ఊళ్లోనే, ఎక్స్‌ట్రా టైమ్ దాకా వెళ్లి 3-1తో ఓడించింది. దేవూ గ్రూపు కుప్పకూలాక జట్టు చేతులు మారింది. ఇప్పుడు బూసాన్ ఐపార్క్ అనే పేరుతో ఉంది. అంటే జట్టు పోలేదు, పేరు పోయింది. టెహ్రాన్‌లో తాజ్ కూడా అంతే. 1970లో ఆ పేరుతో గెలిచింది, 1979 విప్లవం తరవాత ఎస్తెఘ్లాల్ అయ్యింది, 1991లో ఆ పేరుతో మళ్లీ గెలిచింది. నీ పట్టికలో ఇవి రెండు వేరే జట్లుగా ఉన్నాయి. వెంటనే సరిచెయ్యి. పేరు మారిందో, జట్టే పోయిందో చూడకుండా ఎవరు ఎన్నిసార్లు గెలిచారో లెక్క కట్టకూడదు.

అదే పేజీలో ఓడిన జట్టుని కూడా వదలకు. జెడ్డాలో ఆ రాత్రి ఓడిన అల్ అహ్లీ 2012 ఫైనల్లో మళ్లీ ఓడింది, ఉల్సాన్ చేతిలో 3-0తో. 2022లో సౌదీ అగ్ర డివిజన్ నుంచే కిందికి పడిపోయింది. ఏడాది తరవాత పైకి వచ్చింది. అప్పుడే సౌదీ ప్రభుత్వ పెట్టుబడుల నిధి ఆ క్లబ్బుతో కలిపి నాలుగు క్లబ్బుల్లో 75 శాతం వాటా తీసుకుంది. 2025 మేలో అదే జెడ్డాలో జపాన్ జట్టు కవాసాకి ఫ్రొంటాలె మీద 2-0తో గెలిచి మొదటిసారి ఆసియా చాంపియన్ అయ్యింది. ఈ గెలుపులో డబ్బు ఉంది, పడిపోయి లేచిన జట్టు పట్టుదల ఉంది, ముప్పై తొమ్మిదేళ్ల ఎదురుచూపు ఉంది. మూడూ రాయి. డబ్బుతోనే గెలిచారని తేల్చేయడం ఎంత తప్పో, డబ్బు సంగతి దాచడం కూడా అంతే తప్పు.

తొలి రోజుల గురించి ఇంకొంచెం ధైర్యంగా రాయాలి నువ్వు. 1967లో బ్యాంకాక్‌లో మొదటి కప్పు హపోయెల్ టెల్ అవీవ్ గెలిచింది, మలేషియా జట్టు సెలాంగోర్ మీద 2-1తో. 1969లో మక్కాబీ టెల్ అవీవ్ గెలిచింది. 1971 ఫైనల్లో ఇరాక్ పోలీసుల జట్టు ఆలియాత్ అల్ షుర్తా, ఇజ్రాయెల్ జట్టుతో ఆడం అని మైదానంలోనే తేల్చి చెప్పింది. వాకోవర్ మీద మక్కాబీకి కప్పు ఇచ్చారు. ఆ తరవాత 1985 దాకా పోటీయే లేదు. 1974లో ఇజ్రాయెల్‌ని ఆసియా సమాఖ్య నుంచి పంపించేశారు. ఈ ఏళ్ళన్నింటినీ నువ్వు ఒక గీత గీసి దాటేశావు. పోటీ జరగని ఏళ్లు కూడా ఈ చరిత్రలోవే. 1987 ఫైనల్ కూడా జరగలేదు. అల్ హిలాల్ ఆటగాళ్లలో చాలామందిని సౌదీ జాతీయ జట్టు పిలిపించుకుంది, క్లబ్బు తప్పుకుంది, కప్పు యోమియురికి వెళ్లింది. ఆడకుండా వచ్చిన కప్పుల్ని పట్టికలో మిగతావాటి పక్కనే పెట్టు. కానీ ఎలా వచ్చాయో చెప్పు.

ఇక్కడే నీకు ఒక మాట గట్టిగా చెప్పాలి. పోలీసు జట్లు ఇన్ని కనిపిస్తున్నాయి కదా. బాగ్దాద్ ఆలియాత్ అల్ షుర్తా, టెహ్రాన్ పాస్, 1971లో మన దేశం నుంచి వెళ్లిన పంజాబ్ పోలీస్. ఇవన్నీ చూసి కూడా హైదరాబాద్ సిటీ పోలీస్ నీకు గుర్తుకు రాలేదా? ఎస్.ఎ. రహీమ్ తీర్చిదిద్దిన జట్టు అది. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన కోచ్‌గానే భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. 1963లో ఆయన పోయారు. ఆసియా క్లబ్బుల పోటీ 1967లో మొదలయ్యింది. మన దగ్గర అంత గొప్ప జట్టు ఉన్నప్పుడు ఆ కప్పు లేదు. కప్పు వచ్చేసరికి ఆ తరం అయిపోయింది. గెలిచి ఉండేవాళ్లని రాయకు, అది ఎవరికీ తెలియదు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి రాయి. తెలుగువాడికి గుండె కలుక్కుమంటుంది.

మన దేశం జట్ల సంగతి చివర అనుబంధంలో పెట్టావు. అక్కణ్ణుంచి తీసి పుస్తకం మధ్యలోకి తీసుకురా. 1969లో మైసూరు రాష్ట్ర జట్టు బ్యాంకాక్ వెళ్లింది, 1970లో బెంగాల్ జట్టు టెహ్రాన్ వెళ్లింది. చాంపియన్స్ లీగ్‌గా మారాక గ్రూపు దశలో ఆడిన మొదటి భారత క్లబ్బు ఎఫ్‌సీ గోవా, 2021లో. మరుసటి ఏడు రియాద్‌లో ముంబయి సిటీ, ఇరాక్ ఎయిర్‌ఫోర్స్ జట్టు అల్ కువ్వా అల్ జవియ్యాని 2-1తో ఓడించింది. ఆ లీగు గ్రూపు దశలో భారత క్లబ్బుకి అదే మొదటి గెలుపు. చాంపియన్ల చరిత్రలో వీళ్లకేం పని అని అడిగేవాళ్లు అడగనీ. మన పాఠకుడు ఏ మెట్టు మీద నిలబడి పైకి చూస్తున్నాడో చూపించకపోతే ఆ పైన ఉన్నవాళ్ల ఎత్తు అతనికి ఎలా తెలుస్తుంది?

మ్యాచ్‌ల వర్ణన గురించి క్లుప్తంగా చెప్తాను. ప్రతి ఫైనల్‌నీ వర్ణించాలనుకోకు. కొన్నిటికి స్కోరు చాలు. 2004 ఫైనల్‌కి మాత్రం నాలుగు పేజీలు ఇవ్వు. జెడ్డాలో అల్ ఇత్తిహాద్ సొంత జనం ముందు 3-1తో ఓడిపోయింది. వారం తరవాత కొరియాలో సియోంగ్నామ్ మైదానంలో 5-0తో గెలిచింది. మొదటి మ్యాచ్ అయ్యాక కొరియావాళ్లు కప్పు తమదే అనుకుని ఉంటారు కదా అని నువ్వు రాసిన వాక్యం కొట్టెయ్యి. వాళ్లేమనుకున్నారో నీకు తెలియదు, స్కోర్లే చాలినంత చెప్తున్నాయి. సియోంగ్నామ్ 2010లో కప్పు గెలిచిందన్నది అక్కడే ఒక వాక్యంలో చెప్పేస్తే పాఠకుడి మనసు కుదుటపడుతుంది.

రూల్స్ విడిగా ఒక అధ్యాయం పెట్టకు. ఎవరూ చదవరు. 2013లో గ్వాంగ్జౌ, ఎఫ్‌సీ సియోల్ రెండు మ్యాచ్‌లూ డ్రా చేసుకున్నాయి, సియోల్‌లో 2-2, గ్వాంగ్జౌలో 1-1. మరి కప్పు గ్వాంగ్జౌకి ఎందుకు వచ్చింది? అవతలి ఊళ్లో కొట్టిన గోల్స్ ఎక్కువ కాబట్టి. ‘అవే గోల్’ రూలు అంటే ఏమిటో ఇంతకంటే తేలిగ్గా చెప్పలేం.

జపాన్ జట్టు ఉరావా, అల్ హిలాల్ అధ్యాయం మాత్రం చాలా బాగా కుదిరింది. 2017లో ఉరావా, 2019లో అల్ హిలాల్, 2022 పోటీకి 2023 మేలో జరిగిన ఫైనల్లో మళ్లీ ఉరావా. సైతామాలో 1-0 ఎలా వచ్చిందో, అది హిలాల్ ఆటగాడి కాలికి తగిలి సొంత గోల్‌లోకే ఎలా వెళ్లిందో నువ్వు రాసిన పేరా రెండుసార్లు చదివాను. ఒక్క అక్షరం మార్చకు. దాని ముందు 2014ని చేర్చు. అంతకు రెండేళ్ల ముందే పుట్టిన వెస్టర్న్ సిడ్నీ వాండరర్స్ సిడ్నీలో 1-0తో గెలిచి, రియాద్ వచ్చి, అంత జనం ముందు గోల్ ఇవ్వకుండా నిలబడి కప్పు పట్టుకుపోయింది. ఆ దెబ్బ తెలిస్తేనే 2019లో హిలాల్‌వాళ్ల సంతోషం అర్థమవుతుంది. 2000 తరవాత వాళ్లకి మళ్లీ అప్పుడే వచ్చింది ఆ కప్పు.

ఏళ్ల సంగతి ఒకటి చూసుకో. 1988–89 అని, 1993–94 అని కొన్ని పోటీలు రెండేళ్ల మీద నడిచాయి. ఒకచోట మొదలైన ఏడు, ఇంకోచోట ఫైనల్ జరిగిన ఏడు వేశావు. ఫైనల్ జరిగిన ఏడే అన్నిచోట్లా వెయ్యి. ఉరావా 2022 లాంటివి ఉన్నచోట ఒక్క ముక్క వివరం రాయి. 2002–03లోనే పాత చాంపియన్‌షిప్పూ కప్ విన్నర్స్ కప్పూ కలిసి చాంపియన్స్ లీగ్ అయ్యాయని, దాన్ని మొదట గెలిచింది ఎమిరేట్స్ జట్టు అల్ ఐన్ అని కూడా ఎక్కడో ఒకచోట స్పష్టంగా ఉండాలి. ఇప్పుడు లేదు.

ఇక మీ మేనమామ. అల్ సద్ దోహా జట్టు. 1989లో గెలిచింది, మళ్లీ 2011లో కొరియా వెళ్లి జియోన్‌బుక్ మీద పెనాల్టీలతో గెలిచింది. 2011లో ఆయన దోహాలోనే ఉన్నారని నీ ఉత్తరంలో ఉంది. ఆ రాత్రి ఊళ్లో ఏం జరిగిందో అడుగు. రోడ్ల మీద కార్లు తిరిగాయా, మనవాళ్లు క్యాంపుల్లో మ్యాచ్ చూశారా, లేక ఎవరికీ పట్టనట్టే ఉందా? ఆయనకి గుర్తులేదంటే గుర్తులేదనే రాసుకో. పక్క గదిలో ఉండే కేరళవాళ్లని, నేపాలీలని కూడా అడగమని చెప్పు. వాళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే రాసుకో, నువ్వు అలంకారాలు చేర్చకు. పేరు వెయ్యడానికి ఒప్పుకోకపోతే వెయ్యకు, వాళ్ల ఉద్యోగాలు ముఖ్యం. జెడ్డాలో, రియాద్‌లో మీ ఊరివాళ్లు ఎవరున్నారో కనుక్కుని వాళ్ల చేత కూడా చెప్పించు. స్టేడియం బయట బండి ఆపుకుని కూర్చున్న డ్రైవరు విన్న గోల్ కేక ఏ రికార్డుల్లోనూ ఉండదు, నీకు తప్ప అది దొరికే దారి కూడా తక్కువ.

ముందు బ్యాంకు జట్టు అధ్యాయం తిరగరాసి పంపించు. పట్టిక పనికి తొందరలేదు, అది ఆఖర్న పెట్టుకోవచ్చు. సంక్రాంతికి మీ మేనమామ ఊరికి వస్తే నాకు ఫోన్ చేయించు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నేనే వస్తాను, ఆయన చెప్పేది నేను కూడా వినాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు