రాని ఆదాతో ఈఎంఐ ఎలా కడతారు?

ప్రశ్న: నేను, నా భార్య ఇద్దరం సంపాదిస్తున్నాం. నాకు చిన్న డిజైన్ ఆఫీసు ఉంది. అది అద్దెది, ముగ్గురు పని చేస్తారు. ఇంట్లో రెండు, ఆఫీసులో మూడు పాత థర్మోస్టాట్లు (ఏసీ సిస్టమ్ ఉష్ణోగ్రత సెట్ చేసే గోడ మీటలు) ఉన్నాయి. మేం పెట్టే ఉష్ణోగ్రత ఒకటి, గదిలో ఉండేది ఇంకొకటి. ఐదూ తీసేసి ఫోన్ యాప్‌తో నడిచే స్మార్ట్ థర్మోస్టాట్లు పెట్టిస్తే బిల్లు 30 శాతం తగ్గుతుందని, ఆ మిగులుతోనే ఈఎంఐ తీరిపోతుందని ఇన్‌స్టాలర్ అంటున్నాడు. లోన్ నా పేరు మీద, 24 నెలలకు, వడ్డీ 12 శాతం ఫ్లాట్. ఈఎంఐ మా రెండు కరెంటు బిల్లులు కలిపిన దాంట్లో పావు వంతు అవుతుంది. డౌన్‌పేమెంట్ ఎమర్జెన్సీ ఫండ్ నుంచి తీద్దామనుకుంటున్నాం. అందులో ఇంటికి రెండు నెలల ఖర్చుకు సరిపడా ఉంది. ఏసీ సిస్టమ్‌కు 12 ఏళ్లు. ఆఫర్ ఈ ఆదివారం వరకే. తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఆఫర్ ఆదివారంతో అయిపోతే అయిపోనివ్వండి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. ఒకరు సోలార్ ప్యానెల్ అంటారు, ఒకరు ఇన్వర్టర్ ఏసీ అంటారు. వస్తువు మారుతుంది కానీ లెక్క మారదు. అది మిగిల్చే డబ్బే దాని అప్పు తీరుస్తుందట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆదా వస్తుందో రాదో ఎవరూ రాసివ్వరు. ఈఎంఐకి మాత్రం మీ చేత సంతకం పెట్టించుకుంటారు.

మీ రెండు బిల్లులూ కలిపి 100 అనుకోండి. అందులో గదులు చల్లబరచడానికో వెచ్చబరచడానికో అయ్యేది సగం, అంటే 50 అనుకుందాం. అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ కార్యక్రమం లెక్కలో స్మార్ట్ థర్మోస్టాట్ వల్ల సగటున తగ్గేది సుమారు 8 శాతం. అదీ ఆ సగంలోనే, మొత్తం బిల్లులో కాదు. 50లో 8 శాతం అంటే 4. మీ ఈఎంఐ 25. మిగిలిన 21 నెలనెలా మీ సంపాదనలోంచే పోవాలి, రెండేళ్ల పాటు. ఇన్‌స్టాలర్ చెప్పిన 30 ఎక్కడిదో అతన్నే అడగండి.

ఇంకో సంగతి. ఆదా ఆ పెట్టెలోంచి రాదు, మనం సెట్టింగు మార్చడం వల్ల వస్తుంది. రోజుకు 8 గంటలు, ఎవరూ లేనప్పుడో పడుకున్నప్పుడో, మామూలు సెట్టింగును 4 నుంచి 5.5 డిగ్రీల సెల్సియస్, ఎండాకాలం పైకి, చలికాలం కిందికి జరిపితే చల్లబరిచే, వెచ్చబరిచే ఖర్చులో ఏడాదికి 10 శాతం దాకా మిగలొచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఆ పని వేలితోనూ చేయొచ్చు. సాయంత్రం ఆఫీసుకు తాళం వేసేవాళ్లకు ఈ డ్యూటీ ఇవ్వండి, రేపటి నుంచే మొదలవుతుంది, ఖర్చు సున్నా. మీది హీట్ పంప్ (ఒకే యంత్రం చల్లబరచడం, వెచ్చబరచడం రెండూ చేసే రకం) అయితే చలికాలంలో మరీ అంత జరపొద్దు. మళ్లీ వేడెక్కించేటప్పుడు అదనపు హీటర్ ఆన్ అయి, మిగిలిందంతా మింగేస్తుంది.

ఇక 12 శాతం ఫ్లాట్ అన్న మాట. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. మీరు నెలనెలా అసలు తీరుస్తూ ఉంటే, వాళ్లు మొదటి రోజు ఇచ్చిన మొత్తం మీదే చివరి నెల దాకా వడ్డీ వేస్తారు. 24 నెలలకు 12 శాతం ఫ్లాట్ అంటే, తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఏడాదికి 21 శాతం పైనే. బిల్లులో వందకు 4 మిగిల్చే వస్తువు కోసం 21 శాతం వడ్డీకి అప్పు! మధ్యలో ఒక నెల చేయి ఇరుకై దాన్ని క్రెడిట్ కార్డు మీదకు తోశారంటే ఇంకా గొప్పగా ఉంటుంది. నెలకు 3 శాతం అంటే ఏడాదికి 36 కాదు, చక్రవడ్డీతో 42 దాటుతుంది. పైగా ఆఫీసు సామాను అప్పును సొంత పేరు మీద తీసుకుంటున్నారు. రేపు ఆఫీసు మూతపడ్డా ఆ ఈఎంఐ ఇంటికే వస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఆ డౌన్‌పేమెంట్ దగ్గరకు. మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది లోన్ కాదు, 'ఎమర్జెన్సీ ఫండ్ నుంచి తీద్దామనుకుంటున్నాం' అన్న ముక్క. ఉన్నదే రెండు నెలలది. థర్మోస్టాట్ ఒక స్విచ్ లాంటిది, ఆన్ అవ్వు, ఆఫ్ అవ్వు అని చెప్పడమే దాని పని. కష్టపడేది కంప్రెసర్. మీ సిస్టమ్‌కు 12 ఏళ్లు. అది ఏదో ఒక రోజు ఆగుతుంది, బాగా వాడే కాలంలోనే ఆగుతుంది. అప్పుడు గోడ మీద ఎంత తెలివైన స్విచ్ ఉన్నా అది చూపించేది గది వేడిని మాత్రమే. ఆ రోజు కోసం దాచిన డబ్బును ఈ రోజు స్విచ్‌కు పెడితే, ఆ రోజు మళ్లీ అప్పు చేస్తారు. ఈసారి బేరమాడే ఓపిక కూడా ఉండదు.

మీ ఇద్దరి సంపాదనలో ఒకటి నిలకడ లేనిది. కాబట్టి ఇంటికి 6 నెలల ఖర్చు పక్కన ఉండాలి. ఆఫీసుకు అది కాకుండా వేరే ఖాతా, అందులో కనీసం 3 నెలల అద్దె, ముగ్గురి జీతాలు. ఈ రెండు డబ్బాలను కలపొద్దు. మీరు ఈఎంఐగా కట్టడానికి సిద్ధపడ్డ ఆ 25ను వచ్చే నెల నుంచి ఇంటి ఫండ్‌లోకి ఆటోమేటిక్‌గా వెళ్లేలా పెట్టండి. కట్టగలమని మీరే అన్నారు కదా. రెండేళ్లు అప్పుకు కట్టగలిగినవాళ్లు రెండేళ్లు తమకు తాము కట్టుకోలేరా? ఫండ్ నాలుగు నెలల ఖర్చుకు చేరాక నెల మిగులులోంచి ఒక్క థర్మోస్టాట్ కొనండి, ఇంట్లో ఎక్కువగా వాడే గదికి. ఒక సీజన్ బిల్లులు పోల్చి చూసి, తర్వాత రెండోదాని మాట. టైమ్ సెట్ చేసుకునే మామూలు ప్రోగ్రామబుల్ రకం కూడా మీకు సరిపోవచ్చు.

ఈలోగా పాతవాటిని ఒకసారి చూడండి. బ్యాటరీలు మార్చారా? ఫిల్టర్ శుభ్రం చేసి ఎన్నాళ్లయింది? థర్మోస్టాట్ మీద ఎండ పడుతోందా, పక్కన దీపమో ప్రింటరో ఉందా, తలుపు గాలి తగులుతోందా? ఉంటే అది చెప్పే ఉష్ణోగ్రత ఆ మూలది, గదిది కాదు. అదే చోట కొత్తది పెట్టినా అదే అబద్ధం చెబుతుంది. లోపలి గోడ మీద, నేల నుంచి సుమారు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటే మేలు.

కొనేముందు బ్రేకర్ ఆపి, మూత తీసి, వైర్ల ఫోటో తీయండి. ఇది నా అనుభవం నుంచి చెబుతున్నా. నా ఆఫీసుకు డిస్కౌంట్ ఉందని ముందే కొనేశాను. తీరా చూస్తే గోడలో సి వైర్ లేదు, స్మార్ట్ రకాల్లో చాలావాటికి నిరంతరం కరెంటు అందించేది అదే. వైరు లాగేవాడు దొరికేదాకా ఆ పెట్టె నా డ్రాయర్లో మూడు నెలలు పడుకుంది. ఇలాంటి థర్మోస్టాట్లు సాధారణంగా 24 వోల్టుల కంట్రోల్ వైర్ల కోసం చేసినవి. మూత కింద లావుపాటి వైర్లు రెండో నాలుగో కనిపిస్తే అది నేరుగా మెయిన్ కరెంటు కావచ్చు. చేయి పెట్టకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. యాప్ లేకపోయినా గోడ మీద చేత్తో నడిచేదే కొనండి. గూగుల్ వాళ్ల నెస్ట్ మొదటి రెండు తరాల థర్మోస్టాట్లకు 2025 అక్టోబరులో యాప్ సౌకర్యం ఆగిపోయింది, గోడ మీద మాత్రం పనిచేస్తున్నాయి.

ఆఫీసు మూడింటి గురించి ముందు ఓనరును అడగండి. అద్దె భవనంలో సిస్టమ్ ఆయనది, మార్చే ఖర్చు కూడా ఆయనదే కావచ్చు. మీరే మార్చుకోవాల్సి వస్తే అనుమతి రాతపూర్వకంగా తీసుకుని, పాతవి పారేయకుండా దాచండి. ఖాళీ చేసేటప్పుడు అవి బిగించి, మీవి మీరు తీసుకెళ్లొచ్చు.

చివరగా నాదో ప్రశ్న. ఇద్దరి సంపాదన, ఆఫీసు, లోన్, అన్నీ రాశారు. ఆరోగ్య బీమా ఊసు ఎక్కడా లేదు. ఉందా? ఉంటే ఇద్దరికీ ఎంతెంతకు ఉందో, ఆఫీసు వాళ్లకు ఏమైనా ఉందో రాయండి.