దూడకు యాంటీబాడీల పొడి కావాలా, ముందు జున్నుపాలా?

ప్రశ్న: మాకు ఆరు ముర్రా గేదెలున్నాయి. ఈ ఏడాది ఈనిన వాటిలో రెండింటి దూడలకు రెండో రోజునే తెల్లగా, నీళ్లలా పారుడు పట్టింది. నాలుగో రోజుకల్లా చనిపోయాయి. మూడు రకాల యాంటీబయాటిక్ సూదులు వేయించినా గుణం కనిపించలేదు. సూక్ష్మజీవులు మందులకు లొంగడం లేదంటున్నారు. కోడిగుడ్ల యాంటీబాడీలతో చేసిన పొడి తాగిస్తే సూదులతో పని లేదని ఒక వీడియోలో విన్నాను. నిజమేనా? మా ఇంటి కోళ్ల పచ్చిగుడ్డు తాగిస్తే చాలదా? వచ్చే నెలలో మరో రెండు గేదెలు ఈనబోతున్నాయి.
– ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా

జవాబు: మీరు విన్నది కట్టుకథ కాదు. యాంటీబాడీలు అంటే సూక్ష్మజీవులను, విషాలను పట్టి ఆపడానికి ఒంట్లో తయారయ్యే రక్షక ప్రోటీన్లు. వాటితో వైద్యం యాంటీబయాటిక్‌ల కంటే పాతది. ధనుర్వాతం, డిఫ్తీరియా విషాలను తట్టుకున్న జంతువు సీరాన్ని (రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవాన్ని) మరో జంతువుకు ఎక్కిస్తే దానికీ రక్షణ వస్తుందని 1890లోనే బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో అనే శాస్త్రవేత్తలు చూపించారు. పాము కరిచినప్పుడు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు ఇప్పటికీ ఆ దారిలోనే, గుర్రాల రక్తం నుంచి తయారవుతోంది. కోడి సంగతి 1893లో క్లెంపెరర్ అనే శాస్త్రవేత్త తేల్చారు. ధనుర్వాత విషానికి పెట్టను అలవాటు చేస్తే దాని విరుగుడు గుడ్డు పచ్చసొనలోకి చేరుతుంది. పెనిసిలిన్ వచ్చాక ఇలాంటి చికిత్సలను చాలావరకు అటకెక్కించారు. మందులు మొరాయించడం మొదలయ్యాక మళ్లీ కిందికి దించుతున్నారు.

రెండో రోజునే పట్టిన తెల్లపారుడు అంటే ముందుగా అనుమానించాల్సింది ఇ.కోలి (E. coli) అనే బ్యాక్టీరియాను. దాని ఒంటి మీద సన్నని నూగు ఉంటుంది. ఆ నూగుతోనే దూడ పేగు గోడను పట్టుకుని, విషం వదిలి, ఒంట్లోని నీటిని పేగులోకి లాగేస్తుంది. యాంటీబాడీ వెళ్లి ఆ నూగును కప్పేస్తుంది. పట్టు దొరకని బ్యాక్టీరియా పేడతో పాటు బయటికి పోతుంది. అది ఎన్ని మందులకు మొండికేసినా యాంటీబాడీకి అడ్డు కాదు, ఎందుకంటే ఇక్కడ జరిగేది చంపడం కాదు, పట్టు తప్పించడం. ఇలా నూగున్న ఇ.కోలికి విరుగుడున్న పచ్చసొన పొడిని పాలలో కలిపి తాగిస్తే దూడలు బతికి బయటపడ్డాయని జపాన్ శాస్త్రవేత్తలు 1992లో ప్రచురించారు.

అయితే ఆ గుడ్లు ఊరి కోళ్లవి కావు. ఏ సూక్ష్మజీవిపై విరుగుడు కావాలో దానితోనే టీకా వేసి పెంచిన పెట్టలవి. మీ పాకలోని ఇ.కోలి సంగతి మీ ఇంటి పెట్టకు ఎవరు చెప్పారు? పచ్చిగుడ్డుతో కొంత పోషణ అందుతుందేమో గానీ ఈ పారుడుకు అది మందు కాదు, పైగా పచ్చిగుడ్డుతో సాల్మొనెల్లా అనే జబ్బు బ్యాక్టీరియా సోకే భయం ఒకటి. నాగుపాము విరుగుడు తేలుకాటుకు పనిచేయనట్టే, ఒక రకం బ్యాక్టీరియాకు చేసిన పొడి ఇంకో రకానికి పనికిరాదు. మీ దూడలకు వచ్చింది ఏ రకమో పరీక్షలో తేలకుండా పొడి కొనమని నేను చెప్పను. తేలినా ఒక చిక్కుంది. ఈ పొడులు ముందుగానో, పారుడు మొదలవుతుండగానో ఇస్తే కాపాడతాయి. కళ్లు లోతుకు పోయిన దూడను లేపి నిలబెట్టలేవు.

ఇక అసలు విషయం. మీ ప్రశ్నలో జున్నుపాల మాట ఎక్కడా లేదు. ఈనిన ఎన్ని గంటలకు దూడను తల్లి దగ్గరికి వదిలారు? మనిషి బిడ్డకు తల్లి కడుపులోనే యాంటీబాడీలు అందుతాయి. గేదె మాయ వాటిని దాటనివ్వదు. దూడ పుట్టేటప్పటికి దాని రక్తంలో రక్షణ దాదాపు సున్నా. అదంతా పొదుగులో, మొదటి పాలలో ఉంటుంది. మీ పాకలో తిరిగే సూక్ష్మజీవులను తల్లి గేదె ఏళ్లుగా చూస్తోంది కాబట్టి విరుగుడు కూడా సరిగ్గా వాటికే ఉంటుంది. ఏ కంపెనీ పొడికీ ఆ పొంతన కుదరదు.

మన ఊళ్లలో మాయ పడేదాకా దూడను చన్నుకు వదలరు. పాలు తాగిస్తే మాయ పడదని నమ్మకం. జరిగేది దీనికి తలకిందులు: దూడ చీకితేనే గర్భసంచి ముడుచుకుని మాయ త్వరగా జారుతుంది. మాయ కోసం ఎనిమిది గంటలు ఆగితే ఈలోగా దూడ పేగు యాంటీబాడీలను రక్తంలోకి పీల్చుకునే శక్తిని చాలావరకు పోగొట్టుకుంటుంది. ఇరవై నాలుగు గంటలు దాటితే తలుపు మూసుకున్నట్టే. నేను చూసిన ఒక పాకలో దూడ ఉదయం నుంచి గుంజకు కట్టేసి ఉంది, వంటింట్లో జున్ను ఆవిరి మీద ఉడుకుతోంది. బంధువులకు గిన్నెలు కూడా సిద్ధం చేశారు.

ముప్పై కిలోల దూడకు మొదటి రెండు గంటల్లో లీటరున్నర, పన్నెండు గంటల లోపు మరో లీటరున్నర పట్టించండి. పొదుగు కడిగి, దూడ సొంతంగా చీకలేకపోతే పితికి సీసాతో తాగించండి. ఒక రోజు గడిచాక యాంటీబాడీలు రక్తంలోకి ఎక్కవు గానీ పేగులోనే ఉండి కాపలా కాస్తాయి. గుడ్డు పొడి చేసే పని కూడా అదే. కాబట్టి తర్వాతి మూడు రోజుల పాలు కూడా ముందు దూడకు ఇచ్చి, మిగిలితే జున్ను వండుకోండి.

మొదటి పాలు మిగిలితే లీటరు సంచుల్లో పోసి డీప్ ఫ్రీజర్‌లో దాచండి. ఏడాది వరకు పనికొస్తాయి. తల్లి చనిపోయినా, పాలు ఇవ్వకపోయినా అవే దిక్కు. గడ్డను కరిగించడానికి గోరువెచ్చని నీళ్లలో ఉంచాలి, పొయ్యి మీద పెట్టకూడదు. వేడి అరవై డిగ్రీలు దాటితే యాంటీబాడీలు చెడిపోతాయి. బ్రూసెల్లా (పశువులకు గర్భస్రావం తెచ్చే బ్యాక్టీరియా) పరీక్షలో బాగున్న గేదె పాలే దాచాలి. చెరకు రసంలో తీపి చూసే బ్రిక్స్ మీటరు ఎవరి దగ్గరైనా ఉంటే ఒక చుక్క వేసి చూడండి, పాలలో యాంటీబాడీలు ఏపాటి ఉన్నాయో అంచనా తెలుస్తుంది. ఆవు జున్నుపాలకైతే 22 లేదా అంతకు పైన ఉండాలంటారు.

వచ్చే నెల ఈనే రెండింటి పాలు ఇప్పటికే ఆపేసి ఉంటారనుకుంటాను. లేకపోతే ఈ రోజే ఆపండి. ఈనడానికి నాలుగైదు వారాల ముందు నుంచే తల్లి రక్తంలోని యాంటీబాడీలు పొదుగులోకి చేరుతుంటాయి. చివరి నెలలో గేదెను వేరే ఊరికి మార్చకండి. ఈనే చోట పాత గడ్డి ఎత్తేసి, సున్నం చల్లి, పొడిగా ఉంచండి. దూడ బొడ్డును అయోడిన్‌లో ముంచండి.

మళ్లీ పారుడు పడితే పాలు ఆపకండి. పాలకూ పాలకూ నడుమ ఓఆర్ఎస్ నీళ్లు రోజుకు రెండు నుంచి నాలుగు లీటర్లు, కొద్దికొద్దిగా పట్టించండి. దూడను చంపేది ఎక్కువగా నీరు పోవడమే. మెడ మీద చర్మాన్ని పట్టి వదిలితే రెండు సెకన్లలో సర్దుకోకపోయినా, నోరు చల్లగా ఉన్నా, చీకడం మానేసినా వెంటనే పశువైద్య సంచార వాహనం నంబరు 1962కు ఫోను చేసి సెలైన్ పెట్టించండి. జ్వరం, పేడలో రక్తం, నీరసం ఉంటేనే యాంటీబయాటిక్, అదీ డాక్టర్ నిర్ణయం. వారం దాటిన దూడల్లో పారుడుకు తరచుగా వైరస్‌లో, ఏలికపాములో కారణం. వాటిపై ఆ సూదులు పనిచేయవు. తెలిసినవాళ్లు కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ తెచ్చిస్తామంటే తీసుకోకండి, ఆహారానికి పెంచే పశువుల్లో దాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లోనే నిషేధించింది.

ఈసారి పారుడు కనబడితే మొదటి సూది వేయకముందే శుభ్రమైన సీసాలో పేడ పట్టి, ఐస్ పెట్టి, అదే రోజు జిల్లా పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపండి. ఏ బ్యాక్టీరియానో, ఏ మందుకు లొంగుతుందో అక్కడ చెబుతారు. ఆ కాగితం చేతికొచ్చాక పొడి సంగతి మళ్లీ అడగండి.