కంపెనీ పాలనలో రైతుల మొర

ప్రశ్న: కాంగ్రెసు పుట్టకముందు మన ప్రాంత ప్రజలు ఆంగ్ల ప్రభుత్వానికి సామూహికంగా మొరపెట్టుకున్నారా? వారికి ఉపశమనం దొరికిందా?

జవాబు: మొరపెట్టుకున్నారు. మద్రాసులోని తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు చెట్టి 1844లో ‘క్రెసెంట్’ పత్రికను, 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్‌ను స్థాపించారు. ఈస్టిండియా కంపెనీ చార్టరు (పాలనాధికార పత్రం) గడువు ముగియనున్న ఆ తరుణంలో, అధిక పన్నుల భారాన్ని, న్యాయస్థానాల జాప్యాన్ని, శిస్తు వసూలులో జరుగుతున్న చిత్రహింసలను వివరిస్తూ ఆ సంఘం బ్రిటిష్ పార్లమెంటుకు మహజరు (విన్నపపత్రం) పంపింది. 1853లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చిన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమోర్‌కు లక్ష్మీనరసు చెట్టి రైతుల దుస్థితిని స్వయంగా చూపించారు. సేమోర్ లండన్‌లో ఆ విషయం లేవనెత్తిన తరువాత 1854లో విచారణ కమిషన్ ఏర్పడింది.

రైతులను మండుటెండలో నిలబెట్టడం, వంచి తాళ్లతో కట్టివేయడం, చేతివేళ్లను కర్రల మధ్య నొక్కడం వంటి ఘోరాలు నిజమేనని ఆ కమిషన్ 1855 నివేదిక అంగీకరించింది. ఫిర్యాదు చేయడానికి దూరం, ఖర్చు బీదవారికి అడ్డుగోడలయ్యాయని కూడా గుర్తించింది. అయితే నేరమంతా దేశీయ ఉద్యోగులదేనని, ఐరోపా అధికారులకు అందులో పాత్ర లేదని తేల్చింది. పన్ను ఎంత ఉండాలో ఎవరు నిర్ణయించారో, దాన్ని ఎలాగైనా రాబట్టాలని ఎవరు ఒత్తిడి చేశారో తెలిసినవారు ఈ తీర్పును న్యాయమని ఒప్పుకోలేరు.