పర్షియన్ పిల్లి గుర్రు పెడుతుంటే ముద్దు అనుకోవద్దు

మీ మూడేళ్ల పర్షియన్ పిల్లి నిద్రలో గుర్రు పెడుతుందని, ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుందని, కాసేపు ఆడినా రొప్పుతుందని రాశారు. చదునైన ముఖం ఉన్న పిల్లులన్నీ ఇంతేనా, ఇంట్లో ఎలా చూసుకోవాలి, ఆపరేషన్ అవసరమా అని అడిగారు. విజయవాడలో ఆరేళ్లుగా నేను అలాంటి పిల్లినే పెంచుతున్నాను. "అన్నీ ఇంతే" అన్న మాటను నమ్మి అందులో మొదటి రెండేళ్లు వృథా చేశాను కాబట్టి, మీరు ఆ మాటను నమ్మకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా పిల్లి పేరు మీగడ. నాలుగు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చిన రోజు నుంచే అది నిద్రలో గుర్రు పెట్టేది. ఇంటికి వచ్చినవాళ్లు ఆ చప్పుడు విని ముచ్చటపడేవారు, మా అత్తగారు "పసిపిల్లలా ఎంత హాయిగా నిద్రపోతోందో" అని మురిసిపోయేవారు, మా అబ్బాయి దాన్ని ఫోన్లో రికార్డు చేసి స్నేహితులకు పంపించేవాడు. ముక్కు కారినప్పుడల్లా మేము తీసుకువెళ్లిన క్లినిక్‌లో "పర్షియన్లు అంతేనమ్మా, అది జాతి లక్షణం" అని చెప్పి యాంటీబయాటిక్ రాసేవారు. రెండేళ్లలో అలా ఐదు కోర్సులు వాడాము. ఒక్కసారైనా దాని ముక్కు రంధ్రాలలోకి టార్చి వేసి చూసినవారు గాని, నిద్రలో ఎలా ఊపిరి తీస్తుందని అడిగినవారు గాని అక్కడ లేరు.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో, మే నెలాఖరున ఒక సాయంత్రం కరెంటు పోయి మూడు గంటలైనా రాలేదు, ఇన్వర్టరు మీద తిరుగుతున్న ఫ్యాను వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. మీగడ వంటింటి గడప దగ్గర ముందరి మోచేతులు ఒంటికి దూరంగా పెట్టి, మెడ ముందుకు చాచి కూర్చుంది. పడుకోబోయి మళ్లీ లేచేది, తల వాల్చబోయి మళ్లీ ఎత్తేది. దగ్గరకు వెళ్లి చూస్తే నోరు తెరిచి ఊపిరి తీస్తోంది, డొక్కలు ఎగసిపడుతున్నాయి, నాలుక నేరేడు పళ్లు తిన్న పిల్లల నాలుకలా నీలంగా మారుతోంది. కుక్క నోరు తెరిచి రొప్పితే ఒంటి వేడిని తగ్గించుకుంటోందని అర్థం. పిల్లి కూర్చున్న చోటనే నోరు తెరిచి రొప్పితే మాత్రం ముక్కుతో తీసుకునే గాలి చాలక ప్రాణం మీదికి వచ్చిందని అనుకోవాలి. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. కంగారులో దాన్ని ఒళ్లో అదిమి పట్టుకొని తల మీద చల్లని నీళ్లు పోశాను. అది గింజుకున్నకొద్దీ ఊపిరి మరింత బిగుసుకుపోయింది.

మా ఆఫీసులో ఒకరు చెప్పిన మరో డాక్టరు గారి దగ్గరకు ఆటోలో బయలుదేరాము. ఆమె బుట్ట మూత తీయబోతున్న నన్ను ఆపి, "ముట్టుకోకండమ్మా, ముందు దాన్ని ఊపిరి తీసుకోనివ్వండి" అన్నారు. అద్దంలా లోపలిది కనిపించే పెద్ద ప్లాస్టిక్ పెట్టెలో బుట్టతో సహా దాన్ని ఉంచి, సన్నని గొట్టం గుండా లోపలికి ఆక్సిజన్ వదిలి, గదిలో దీపాలు తగ్గించి, అందరినీ బయటికి పంపించారు. ఎక్స్‌రే తీయరా అని నేను ఆత్రంగా అడిగితే, "ఇప్పుడు దీన్ని బల్ల మీద అదిమి పడుకోబెడితే మనకు ఎక్స్‌రే దక్కుతుంది, పిల్లి దక్కదు" అన్నారు. ఇరవై నిమిషాల తరువాత తలుపు సందులోంచి చూస్తే మీగడ నోరు మూసుకొని, కాళ్లు ముడుచుకొని కూర్చుని ఉంది. వడదెబ్బ తగిలిన పిల్లి తల మీద మంచునీళ్లు గుమ్మరించకూడదని, పాదాలనూ చెవులనూ మామూలు నీళ్లతో తడిపి ఫ్యాను గాలి తగలనిస్తూ వెంటనే ఆస్పత్రికి తీసుకురావాలని ఆ రోజే తెలుసుకున్నాను.

వారం తరువాత ఆమె నా చేత భూతద్దం పట్టించి మీగడ ముక్కును చూపించారు. మామూలు పిల్లికి కామా గుర్తులా తెరుచుకొని ఉండవలసిన రంధ్రాలు దీనికి గోటితో గిచ్చిన గాట్లలా ఉన్నాయి, ఊపిరి లోపలికి తీసుకున్నప్పుడల్లా వాటి పక్క కండ లోపలికి ముడుచుకొని ఆ కాస్త దారీ మూసుకుపోతోంది. ఈ జాతిలో ముఖం ఎముక పొట్టిదైనంత మాత్రాన లోపలి కండ, పొరలు ఆ మేరకు తగ్గవు కాబట్టి అవన్నీ ఇరుకులో కుక్కుకొని గాలికి అడ్డం పడతాయట. సన్నని దారి గుండా బలంగా గాలి పీల్చడం వల్ల గొంతులోని మెత్తని కణజాలం కూడా ఏళ్ల తరబడి ఆ లాగుడుకు వాచి, అడ్డు నానాటికీ పెరుగుతుందని ఆమె చెప్పారు. తల ఎక్స్‌రేలో మీగడ పైదవడ కోరపన్ను కిందికి దిగకుండా దాదాపు అడ్డంగా తిరిగి ఉంది. కంటి నీరు ముక్కులోకి దిగే గొట్టం ఆ పంటి వేరు కింద నలిగి వంకర తిరగడం వల్లనే దాని కళ్లు ఎప్పుడూ కారుతున్నాయని తెలిసింది. జలుబు అనుకొని మేము మందులు పోసిన రెండేళ్లూ అసలు అడ్డు ఎముకలోనే ఉంది. ఇది మా పిల్లి ఒక్కదాని కథ కాదు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పశువైద్యులు కూడా పాల్గొని 2016లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, యజమానులు పంపిన ఫొటోల మీద ముఖాన్ని కొలిచి చూస్తే, ముక్కు ఎంత పొట్టిదైతే ఊపిరి ఇబ్బందులు అంత ఎక్కువగా కనిపించాయి.

ఇక ఆపరేషన్ విషయం. రంధ్రాలు అలా మూసుకుపోయి ఉంటే చేయించడమే మంచిదని, అదీ చిన్న వయసులోనే చేయించాలని నా గట్టి అభిప్రాయం. మీగడకు ముక్కు పక్క కండలో చిన్న ముక్క కోసి కుట్లు వేశారు, అదే మత్తులో గొంతు లోపలి మెత్తని అంగిలి పొడవును కూడా చూశారు. పని అరగంటలో అయిపోయింది, భయమంతా మత్తు దిగే వేళకే. ఈ జాతి పిల్లులకు పూర్తిగా తెలివి వచ్చేదాకా, మత్తులో ఊపిరి ఆడటానికి గొంతులో పెట్టిన గొట్టం తీయకూడదు, తీశాక కూడా చాలాసేపు కనిపెట్టి ఉండాలి. అందువల్ల డాక్టరును ఎంచుకునేటప్పుడు కోత ఎవరు కోస్తారని అడగడంతో ఆపకుండా, కోత తరువాత పక్కన ఎవరు కూర్చుంటారని కూడా అడగండి. ఆపరేషన్‌తో రోగం పూర్తిగా పోలేదు. ముక్కు ఇప్పటికీ కారుతుంది, వర్షాకాలంలో తుమ్ములు వస్తాయి, ఎముక లోపలి ఇరుకును ఎవరూ సరిచేయలేరు. అయితే ఆపరేషన్‌కు ముందు నిద్రలో నిమిషానికి 40 దాటిన దాని ఊపిరి ఇప్పుడు 24, 26 దగ్గర ఉంటోంది.

ఈ లెక్క మీరు కూడా పెట్టాలి. పిల్లి గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటిగా లెక్కించి, నిమిషానికి ఎన్నో ఒక పుస్తకంలో తేదీతో సహా రాసుకోండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అది 30 లోపే ఉంటుంది. రెండు మూడు రోజులు వరసగా అంతకు మించితే డాక్టరుకు చెప్పాలి, నోరు తెరిచి రొప్పితే మాత్రం తెల్లవారేదాకా ఆగకూడదు. ఎన్ని పరీక్షలు చేయించినా నాకు ఈ నోటు పుస్తకం ఇచ్చినంత ధైర్యం మరేదీ ఇవ్వలేదు.

ఇంట్లో మొదట మానవలసింది పొగ. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్ట, గదిలో చల్లే సువాసన స్ప్రే, ఇవన్నీ ఆ సన్నని దారిని ఇంకా మండించి వాపు తెప్పిస్తాయి. శుక్రవారం సాంబ్రాణి మానడానికి మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు గాని, ఆ పొగ పడిన రాత్రి మీగడ ఊపిరి లెక్క చూపించాక ఆవిడే పూజగది తలుపు మూసి, దీపం మాత్రం పెట్టుకుంటున్నారు. జలుబు చేసింది కదా అని ముక్కుకు బామ్ రాయమని, వేడినీళ్లలో నీలగిరి తైలం వేసి ఆవిరి పట్టమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. దయచేసి వినకండి. కర్పూరం, నీలగిరి తైలం పిల్లికి విషం. పారాసెటమాల్ మాత్ర ఒక్కటి చాలు, దాని ప్రాణం తీయడానికి. నేను వేడి ఆవిరి కూడా పట్టను. మన ఊళ్ల ఉక్కలో అది మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. డాక్టరు చెప్పినట్టు నెబ్యులైజర్‌లో ఉత్త సెలైన్ పోసి, మందేమీ కలపకుండా, బుట్ట పక్కన రోజూ పది నిమిషాలు పెడతాను. ఆ చల్లని తుంపరకు ముక్కులోని చీమిడి మెత్తబడి తుమ్ముతో బయటికి వచ్చేస్తుంది. లిట్టర్ కూడా, అంటే పిల్లి మలమూత్రాలకు వెళ్లే తొట్టిలో పోసేది, దుమ్ము లేచే మట్టి రకం మానేసి చెక్క గుళికలు వాడుతున్నాము.

ఒంటి బరువు మీద నాకున్న పట్టుదల చూసి మావాళ్లు విసుక్కుంటారు గాని, సగం వైద్యం అక్కడే ఉందని నేను నమ్ముతాను. మీగడ 5.8 కిలోలు ఉండేది. తిండిని కొలిచి పెట్టి ఎనిమిది నెలల్లో 4.6 కిలోలకు తెచ్చాము. పిల్లిని పస్తు పెట్టి తగ్గించకూడదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి చనిపోయే ప్రమాదం ఉంది. ముక్కు మూసుకుపోయిన రోజున తిండి వాసన తెలియక అది తినదు కాబట్టి, ఆ రోజు ఉడికించిన కోడిమాంసాన్ని గోరువెచ్చగా చేసి, లోతు లేని పళ్లెంలో పెట్టాలి. లోతైన గిన్నెలో పెడితే పాపం దాని ముఖమంతా తిండిలో మునిగి ఊపిరి ఆపుకుంటూ తినవలసి వస్తుంది. కళ్లను కాచి చల్లార్చిన నీటిలో ముంచిన దూదితో ముక్కు వైపు నుంచి బయటికి, ఒక్కో కంటికి వేరే దూదితో రోజుకు రెండుసార్లు తుడవండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మధ్యాహ్నం పూట ఏసీ గది తప్పదు. కరెంటు పోయినా ఆ గది తలుపు తీయకుండా ఉంచండి.

నాకు బాధ కలిగించే మరో సంగతి ఈ పిల్లుల అమ్మకం. అమ్మేవాళ్లు వీటిని డాల్ ఫేస్, సెమీ పంచ్, పంచ్ ఫేస్ అని విడదీసి, ముక్కు ఎంత లోపలికి పోతే అంత ఎక్కువ ధర చెబుతారు. ఊపిరి ఎంత ఆడకపోతే అంత ఖరీదన్నమాట. 1871లో లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో పెద్ద పిల్లుల ప్రదర్శన జరిగిన కాలంలో పర్షియన్ పిల్లికి చక్కని ముక్కే ఉండేది. ఆ తరువాత బహుమతుల కోసం తరతరాలుగా పొట్టి ముక్కు పిల్లులనే జతకట్టించి మనుషులే దాన్ని ఈ స్థితికి తెచ్చారు. 2018 నాటి పెట్ షాప్ నిబంధనల ప్రకారం దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. అయినా మీగడను మాకు అమ్మినాయన ఒక్క కాగితం చూపించలేదు, దాని తల్లి ఎలా ఊపిరి తీస్తుందని అడిగే తెలివి అప్పుడు నాకు లేకపోయింది. మీ ఇంట్లో ఉన్నదాన్ని ప్రాణంలా చూసుకోండి, కాని దానికి పిల్లలు పుట్టించకండి, తోడుగా మరో పంచ్ ఫేస్ కొనకండి.

ఈ రాత్రి అది నిద్రలోకి జారాక పక్కన కూర్చుని నిమిషం పాటు లెక్కపెట్టండి, గుర్రు వినబడేలా, ఛాతీ కదలిక కనిపించేలా వీడియో తీయండి. డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లేటప్పుడు, కుక్కల అరుపులు వినబడే క్లినిక్ హాల్లో దాన్ని గంటసేపు కూర్చోబెట్టవద్దు, ముందే ఫోన్ చేసి రద్దీ లేని వేళ అడగండి. గన్నవరంలోను, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోను, తిరుపతిలోను పశువైద్య కళాశాలలు ఉన్నాయి. మీ ఊళ్లో చూసేవారు "జాతి లక్షణం" అని పంపించేస్తే, ఆ వీడియోతో, ఆ లెక్కల పుస్తకంతో అక్కడికి వెళ్లి, ముక్కు రంధ్రాలు, మెత్తని అంగిలి రెండూ చూడమని అడగండి.