వేషం గ్యారంటీ అన్నచోట డబ్బు కట్టకండి

ప్రశ్న: మా అమ్మాయి తెనాలిలో బీకాం చివరి ఏడాది చదువుతోంది. ఇంటర్ నుంచీ నాటికల్లో వేస్తోంది. పరిషత్తు పోటీల్లో రెండుసార్లు ఉత్తమ నటి బహుమతి కూడా వచ్చింది. ఇప్పుడు నటననే వృత్తిగా చేసుకుంటానని పట్టుబట్టింది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల కోర్సుకు లక్షన్నర కట్టమంటున్నారు. కోర్సు అయ్యాక సినిమాలో వేషం గ్యారంటీ అంటున్నారు. పంపమంటారా? అసలు ఈ రంగంలో బతుకుదెరువు ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: ముందు ఆ మూడు నెలల కోర్సు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. మూడు నెలల్లో ఏమీ రాదని కాదు, కొన్ని చిన్న వర్క్‌షాపులు నిజంగానే బాగుంటాయి. కానీ వేషం గ్యారంటీ అనే మాట చెప్పే అధికారం శిక్షణ ఇచ్చేవాళ్ల చేతిలో ఉండదు. ఏ పాత్ర ఎవరికన్నది దర్శకుడు, నిర్మాత, కాస్టింగ్ డైరెక్టర్ కలిసి తేల్చుకుంటారు. పెద్ద పాత్రలైతే చాలాసార్లు స్క్రిప్టు పూర్తి కాకముందే ఖరారైపోతాయి. ఇలా గ్యారంటీ ఇచ్చేవాళ్లు చివరికి ఒక షార్ట్ ఫిల్మ్ తీసి చూపిస్తారు, లేదంటే పెళ్లి సీన్లో జనంలో నిలబెడతారు. మాట తప్పామని మీరు అనడానికి ఉండదు! శిక్షణకు ఫీజు కట్టడం న్యాయమే. ఆడిషన్‌కు, రిజిస్ట్రేషన్‌కు, ఫలానా ఫొటోగ్రాఫర్ దగ్గరే పోర్ట్‌ఫోలియోకు డబ్బు అడిగారంటే అక్కడితో ఆపేయండి.

బతుకుదెరువు ఉంటుంది. కాకపోతే పని ఉన్న రోజుల కంటే లేని రోజులు ఎక్కువగా ఉండే వృత్తి ఇది. ఆ ఖాళీ రోజుల్లో అద్దె ఎక్కణ్నుంచి వస్తుందో తేల్చుకోకుండా బస్సెక్కినవాళ్లే ఏడాదిన్నరకు వెనక్కి వచ్చేస్తారు. ప్రతిభ లేక వెనుదిరిగినవాళ్ల కంటే డబ్బు అయిపోయి వెనుదిరిగినవాళ్లే ఎక్కువ. కోట శ్రీనివాసరావు గారు బ్యాంకు ఉద్యోగం చేసుకుంటూనే నాటకాలు వేశారు. 1942లో పుట్టిన ఆయన తొలి సినిమా 1978లో వచ్చింది, జనం నోట్లో పేరు పడింది 1985లో. జయప్రకాశ్ రెడ్డి గారు మాస్టారుగా పాఠాలు చెబుతూ నాటకాలాడారు. ఉద్యోగం వాళ్ల నటనకు అడ్డం రాలేదు సరికదా, నచ్చని వేషాన్ని వద్దనుకునే వెసులుబాటు ఇచ్చింది. మీ అమ్మాయి బీకాం కాబట్టి ఒక సౌకర్యం ఉంది. అకౌంట్స్ పని తెలిస్తే ఇంటి నుంచి, రోజుకు నాలుగైదు గంటలు చేసుకునే పనులు దొరుకుతాయి. ఆడిషన్లు పగటిపూట, అదీ ముందురోజు రాత్రి ఫోన్ చేసి పిలుస్తారు. తొమ్మిది నుంచి ఆరు దాకా కుర్చీ కదలనివ్వని ఉద్యోగమైతే ఈ దారికి పనికిరాదు.

డిగ్రీ మాత్రం మధ్యలో ఆపనివ్వకండి. ఇది అమ్మానాన్నలు చెప్పే మామూలు మాట అనుకుంటుందేమో, కారణం చెప్పండి. నటనకు దేశంలో పేరున్న శిక్షణల్లో చాలావాటికి డిగ్రీ లేనిదే దరఖాస్తే చెల్లదు. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో మొదలైంది. అక్కడ మూడేళ్ల డిప్లొమా, విద్యార్థులకు స్టైపెండ్ కూడా ఉంటుంది. డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల్లో పాల్గొన్నట్టు రుజువులు అడుగుతారు. వయసు 18 నుంచి 30 లోపు ఉండాలి. పనికొచ్చేంత హిందీ, ఇంగ్లిష్ రావాలి. మన పిల్లలు ఎక్కువగా జారిపోయేది ఈ హిందీ దగ్గరే. మాట వెతుక్కుంటూ నటిస్తే ముఖంలో భావం ఆగిపోతుంది, ఎదుటివాళ్లకు అది ప్రతిభ తక్కువైనట్టే కనిపిస్తుంది. సీట్లు ముప్పై చిల్లరే. తొలి వడపోత దాటినవాళ్లను ఢిల్లీకి పిలిచి కొన్ని రోజుల వర్క్‌షాప్ పెట్టి, అందులో ఎంపిక చేస్తారు. మూడేళ్లు ఎక్కువ అనిపిస్తే బెంగళూరులో అదే సంస్థ ఏడాది కోర్సు ఉంది.

కెమెరా ముందు నటనే కావాలనుకుంటే పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల కోర్సు ఉంది. నసీరుద్దీన్ షా ఢిల్లీలో నాటకం నేర్చుకుని, ఆ తర్వాత పుణెలో సినిమా నటన చదివారు. ఇక మన దగ్గర గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల పీజీ కోర్సు, ఎంపీఏ థియేటర్ ఆర్ట్స్, ఉంది. నా మట్టుకు మీ అమ్మాయికి మొదట సరిపోయేది ఇదే. కేంద్రీయ విశ్వవిద్యాలయం కాబట్టి ఫీజు భరించదగ్గది, హాస్టల్ ఉంటుంది, పైగా సినిమా పరిశ్రమ ఉన్న ఊళ్లోనే రెండేళ్లు గడుస్తాయి. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాద్‌లో తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థల శాఖలున్నాయి. ప్రవేశ పద్ధతులు ఏటా కొద్దిగా మారుతుంటాయి. ఆ ఏటి నోటిఫికేషన్ చూసే దరఖాస్తు చేయించండి, నిరుటి సీనియర్ మాట మీద ఆధారపడకండి.

పరిషత్తు బహుమతుల గురించి ఒక మాట. అవి నిజమైన బలం. వందలమంది ముందు నోరు తడబడకుండా గంటసేపు పాత్రను మోయడం తేలిక కాదు. కానీ అక్కడ అలవడే కొన్ని పద్ధతులు కెమెరా ముందు ఎదురు తిరుగుతాయి. వేలాడదీసిన మైకు కిందికి వచ్చి డైలాగు చెప్పడం, వాక్యం చివర గొంతు పైకెత్తి చప్పట్ల కోసం అరక్షణం ఆగడం, ఎదుటి పాత్ర మాట్లాడుతుంటే తన వంతు కోసం నిలబడి ఉండటం. రంగస్థలం మీద ఆఖరి వరుసకు చేరాలని కనుబొమ్మలు, చేతులు పెద్దగా వాడతాం. క్లోజప్‌లో తెర నిండా ముఖమే ఉంటుంది, కనురెప్ప వేసినా పెద్ద కదలికే. అందుకని గొంతు తగ్గించమంటే చాలామంది ఒంట్లో సత్తువే తగ్గించేస్తారు, డైలాగు చప్పగా పోతుంది. తగ్గాల్సింది శబ్దం, కదలిక. లోపలి పట్టు అంతే ఉండాలి.

ఇంకోటి కంటిన్యుటీ. నాటకంలో దృశ్యం ఒక్కసారే జరుగుతుంది. సినిమాలో ఒకే దృశ్యాన్ని ముందు వైడ్‌లో (దూరం నుంచి అంతా కనిపించేలా), తర్వాత మిడ్‌లో (కాస్త దగ్గరగా), ఆపైన ఇద్దరి క్లోజప్‌లూ విడివిడిగా తీస్తారు. వైడ్‌లో "నువ్వు రాలేదేం" అన్న మాట మీద కుడిచేత్తో గ్లాసు ఎత్తితే, మూడు గంటల తర్వాత తీసే క్లోజప్‌లోనూ అదే మాట మీద, అదే చేత్తో, అంతే ఎత్తుకు లేపాలి. లేకపోతే ఎడిటర్ ఆ రెండు షాట్లు కలపలేడు, ఎంత బాగా చేసినా ఆ టేక్ పక్కకుపోతుంది. ఇంట్లోనే సాధన చేయొచ్చు. ఒక పేజీ దృశ్యాన్ని ఫోన్లో నాలుగుసార్లు తీసి, ఏ మాట దగ్గర చెయ్యి మారిందో పోల్చి చూసుకోవాలి. వారం చేస్తే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు తొలి వడపోత చాలావరకు ఇంట్లో తీసి పంపే వీడియోతోనే జరుగుతోంది. దాన్ని పాడుచేసుకునే పద్ధతులు అందరివీ ఒకటే. ఫోను అడ్డంగా పెట్టాలి, నిలువుగా కాదు, వాళ్లు ప్రత్యేకంగా అడిగితే తప్ప. వెనక ఏ బొమ్మలూ లేని లేత రంగు గోడ ఉండాలి. వెలుతురు ముఖం మీద ముందు నుంచి పడాలి. కిటికీని వెనక పెట్టుకుంటే ముఖం నల్లగా పోతుంది. ఛాతీ నుంచి పైకి ఫ్రేమ్ చాలు. చూపు లెన్స్‌లోకి కాదు, లెన్స్ పక్కన కళ్ల ఎత్తులో నిలబడి ఎదుటి డైలాగు చదివే మనిషి వైపు ఉండాలి. ఆ చదివేవాళ్లు ఫోనుకు దగ్గరగా ఉంటే వాళ్ల గొంతే గట్టిగా పడుతుంది, కాస్త మెల్లగా చదవమనండి. పేరు, వయసు, ఎత్తు, ఏ భాషలొచ్చు, రెండు పక్కల ముఖం - ఇవి విడిగా అరనిమిషంలో. బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ వద్దు, ఫిల్టర్ అసలే వద్దు. ఫొటోలు కూడా నాలుగు చాలు: ముఖం దగ్గరగా ఒకటి, నడుము దాకా ఒకటి, నిలువెత్తు ఒకటి, పక్క నుంచి ఒకటి. మేకప్ తక్కువ. ఫొటోలో ఒకలా, మనిషి వస్తే ఇంకోలా ఉంటే పిలిచినవాళ్లకు చిరాకు.

జూనియర్ ఆర్టిస్టుగా చేరితే సెట్ అలవాటవుతుందని ఎవరో ఒకరు చెబుతారు. నేను ఒప్పుకోను. అది నిజాయతీగల జీవనోపాధే, దానికి వేరే యూనియన్, ఏజెంట్లు, రోజు కూలి పద్ధతి ఉన్నాయి. కానీ అక్కడి నుంచి డైలాగు పాత్రలకు మారడం కష్టం, ఎందుకంటే కోడైరెక్టర్ల మనసులో ఆ ముఖం జనంలో ముఖంగానే నిలిచిపోతుంది. సీరియల్ సంగతి వేరు. అక్కడ పని ఎక్కువ రోజులు దొరుకుతుంది, డబ్బు రోజు లెక్కన వస్తుంది, కెమెరా భయం నెలలో పోతుంది. రోజుకు పన్నెండు గంటలు పనిచేయడం మామూలే. నష్టం ఏమిటంటే ప్రాంప్టింగ్. పక్కనుంచి అసిస్టెంట్ డైలాగు అందిస్తుంటే విని అప్పజెప్పడం అలవాటైతే, ఎదుటి పాత్ర మాట వినే చెవి పోతుంది. సీరియల్ చేసినా డైలాగు ముందురోజే అడిగి తీసుకుని కంఠతా పట్టాలి. ఇవ్వకపోయినా అడగడం మానకూడదు. ఏడాది తర్వాత నాటకం ఒకటి వేస్తే తుప్పు కొంత వదులుతుంది.

తెలుగు ఉచ్చారణ ఆమెకు పెట్టుబడి. పాత్ర వేసినవాళ్లకు వేరొకరు డబ్బింగ్ చెప్పడం మన దగ్గర మామూలు. సొంత గొంతు చెప్పుకోగలిగితే పాత్ర పూర్తిగా తనదవుతుంది, పైగా ఖాళీ రోజుల్లో డబ్బింగ్, ఆడియో పుస్తకాలు, ప్రకటనల గొంతు పని దొరుకుతాయి. గుంటూరు యాసతో పాటు ఇంకో రెండు ప్రాంతాల యాసలు నిజంగా అక్కడివాళ్ల దగ్గర విని నేర్చుకోమనండి. సినిమాల్లో విని నేర్చుకున్న తెలంగాణ, రాయలసీమ యాసలు ఆ ప్రాంతంవాళ్లు రెండో వాక్యానికే పట్టేస్తారు.

డబ్బు విషయంలో మొహమాటం పనికిరాదు. వేషం ఒప్పుకునే ముందు అడగాల్సినవి: రోజు లెక్కా, సినిమా మొత్తానికా? ఎన్ని రోజుల కాల్షీట్, అంటే షూటింగ్‌కు ఎన్ని రోజులు కేటాయించాలి? బట్టలు ఎవరివి? ప్రయాణం, బస ఎవరివి? డబ్బింగ్ ఆ మొత్తంలోనేనా, వేరేనా? ఇవి వాట్సాప్‌లోనైనా రాతలో ఉండాలి. బకాయి మిగిలితే దాన్ని డబ్బింగ్‌కు ముందే తేల్చుకోవడం పాత పద్ధతి. గొంతు ఇచ్చేశాక అడిగితే ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ ఎత్తడు. కంపెనీలు సాధారణంగా పదిశాతం టీడీఎస్, అంటే ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను, కోసి ఇస్తాయి. ఏడాది ఆదాయం పన్ను పరిధిలోకి రాకపోతే రిటర్న్ వేసి ఆ సొమ్ము వెనక్కి తెచ్చుకోవచ్చు. చాలామంది కొత్త నటులు అదే వదిలేసుకుంటారు. బీకాం చదివినమ్మాయికి ఇది విడిగా నేర్పక్కర్లేదు.

ఇక మీరు అడగకపోయినా మీ మనసులో ఉన్న భయం. ఆడిషన్ పగటిపూట, ఆఫీసులో లేదా స్టూడియోలో జరగాలి. హోటల్ గది అంటే వెళ్లనక్కర్లేదు. "కాంప్రమైజ్", "అడ్జస్ట్‌మెంట్" అన్న మాట వినిపిస్తే వాదన పెట్టుకోకుండా బయటికి వచ్చేయడం, మెసేజ్‌లు తుడిచేయకుండా దాచుకోవడం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల చట్టం, 2013 షూటింగ్ లొకేషన్‌కూ వర్తిస్తుంది. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. లేనిచోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మామూలుగా గడువు మూడు నెలలు. మొదట్లో మీరు తోడు వెళ్లడం ఎవరికీ వింతగా ఉండదు. మానిటర్ వెనక కూర్చుని "మా అమ్మాయికి ఇంకో క్లోజప్ పెడితే బాగుండేదండీ" అనకుండా ఉంటే చాలు, ఆ మాటతో పోయిన వేషాలున్నాయి.

గడువు పెట్టుకోండి. పీజీ అయ్యాక మూడేళ్లు అనుకుందాం. ఆ మూడేళ్లను సినిమాల సంఖ్యతో కొలవకండి, అది ఆమె చేతిలో లేదు. ఒక పుస్తకంలో ప్రతి ఆడిషన్ తేదీ, పాత్ర, రెండోసారి పిలిచారా లేదా రాసుకోమనండి. పాతిక ముప్పై ఆడిషన్లు ఇచ్చినా ఒక్కచోటా రెండో పిలుపు లేదంటే వీడియోలోనో, గొంతులోనో, ఎంచుకుంటున్న పాత్రల్లోనో లోపం ఉంది. దాన్ని దర్శకత్వం తెలిసిన మనిషికి చూపించి దిద్దుకోవాలి. రెండో పిలుపులు వస్తూ వేషం చేజారుతుంటే దారి సరైనదే, ఆగకూడదు.

ఈ నెలలో చేయాల్సింది చిన్నపనే. ఇప్పటిదాకా వేసిన నాటికల కరపత్రాలు, ఫొటోలు, బహుమతి పత్రాలు, ఆయా దర్శకుల సంతకంతో ఒక్కో పేజీ ధ్రువీకరణ పోగుచేయించండి. పరిషత్తులు ముగిశాక నిర్వాహకులను పట్టుకోవడం కష్టం, ఐదేళ్ల కిందటి కరపత్రం ఎవరి దగ్గరా ఉండదు. ఆరు నాటకాల రుజువు చూపలేక ఢిల్లీ దరఖాస్తు వదులుకున్నవాళ్లలో నిజంగా పాతిక నాటకాలు ఆడినవాళ్లూ ఉంటారు.